తడిగాలి ఇంజిన్

ఇంజిన్ ఆకాశంలో ముక్కలైన రోజున బావ తన సొంత తమ్ముడి దవడ విరగ్గొట్టాడు. కంట్రోల్ రూములో అందరూ చూస్తుండగా కుర్చీలోంచి లేచి, రెండంగల్లో వచ్చి, ఒక్కటే గుద్దు. ఎముక పుటుక్కుమన్న చప్పుడు గది చివరిదాకా వినపడింది. తమ్ముడు బల్ల మీంచి జారి టీ కప్పులతో సహా నేల మీద పడ్డాడు. అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు? పడ్డవాడి డొక్కలో తన్నబోయాడు. నిప్పుకోడి మధ్యలో దూకి ఆ తన్ను తన తొడ మీద కాచుకుంది.

"నీ వాల్వు మనిషిని చంపిందిరా! నీ దరిద్రగొట్టు వాల్వు!" అని బావ అరుస్తూనే ఉన్నాడు. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

నిప్పుకోడి ఆ తమ్ముడి భార్య. ఆ పేరు పెట్టింది బావే. ఇంజిన్ లోపల మంట ఆమె పని. ఎంత చమురు, ఎక్కడ, ఏ క్షణాన చిమ్మాలో లెక్క కట్టేది ఆమె. కోపమొస్తే మెడ నిక్కించి నడుస్తుంది, అందుకని ఆ పేరు అతుక్కుపోయింది. ఆమె అక్కను బావ చేసుకున్నాడు, బావ తమ్ముణ్ణి ఆమె చేసుకుంది, అక్కచెల్లెళ్ళు తోడికోడళ్ళయ్యారు. టెస్టు హాలులో గాలిని వేడిచేసే హీటరు బావది, చమురు వాల్వులు తమ్ముడివి. "గాలి నాది, చమురు మావాడిది, నిప్పు దీనిది, ఇంక బయటివాళ్ళతో పనేముంది?" అని బావ నలుగురిలో గొప్పలు పోయేవాడు. ఆ గొప్పలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నంతో సరి.

జరిగింది ఇది. రాకెట్టు ఇంజిన్‌ని పైకి మోసుకెళ్ళి ధ్వనికి ఆరు రెట్ల వేగంలో వదిలింది. చమురు వెళ్ళింది, మంట అంటుకుంది, కంట్రోల్ రూములో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే గాలి పీల్చే ఇంజిన్ మూతి ఊపిరాడనట్టు బిగుసుకుపోయింది. వాహనం గాల్లోనే పిల్లిమొగ్గ వేసి నిలువునా చీలింది. ముక్కల్లో ఒకటి కింద సముద్రంలో కాపలా కాస్తున్న పడవ మీద పడింది. పడవ నడిపే మనిషి నడుము దగ్గర రెండయ్యాడు. కేసు పెట్టారు. చచ్చినవాడు ఉన్నాక చంపినవాడు కూడా ఒకడుండాలి కదా. వాల్వు ఇరుక్కుని లెక్కకు మించి చమురు పోసింది, అందుకే పేలింది అని బావ తేల్చేశాడు. ఒక్క మెకానిక్కుతో పోయేదానికి హాలంతా ఎందుకు పోవాలని పైవాళ్ళూ తలూపారు.

ఆస్పత్రిలో దవడకి తీగలు బిగిస్తున్న డాక్టరు పక్కన నిలబడి సామాను అందించింది అక్కే. ఆమె అక్కడ నర్సు. పని అయ్యాక వరండాలోకి వచ్చి చేతులు తుడుచుకుంటూ చెల్లెలి పక్కన కూర్చుంది.

"మా ఆయన పిడికిలికి కూడా కట్టు కట్టాను. రెండు వేళ్ళు వాచాయి. మీ ఆయన దవడ గట్టిదే" అంది.

"నవ్వకక్కా. వాల్వు ఇరుక్కోలేదు. తప్పు గాలిది."

"గాలిదా? గాలి మీద కేసు పెడతారా?"

నిప్పుకోడి తొడ తడుముకుంది. అక్కడ కమిలి నల్లబడింది. "పరీక్షలప్పుడు ఇంజిన్ నేల మీద స్టాండుకి కట్టేసి ఉంటుంది. ఎగురుతున్నానని అది నమ్మాలంటే అంత వేగంగా, అంత వేడిగా గాలిని దాని మొహాన కొట్టాలి. అంత వేడి కోసం బావ ఆ గాలిలోనే హైడ్రోజన్ తగలేస్తాడు. హైడ్రోజన్ కాలితే వచ్చేది నీళ్ళావిరి. కాలిపోయిన ఆక్సిజన్‌ని మళ్ళీ సిలిండర్లలోంచి కలిపి లెక్క సరిచేస్తాడు. మీటరు మామూలు గాలే అంటుంది. కానీ ఆవిరి అందులోనే ఉండిపోయింది కదా?"

"ఉంటే ఏం?"

"తడి కట్టెలతో వంట నేర్చుకున్నావనుకో. అన్నం ఉడకాలంటే మోపులకి మోపులు తోస్తావు. మంట సగం ఆ తడి ఆరడానికే పోతుంది. ఒకరోజు ఎవరో ఎండు కట్టెలిచ్చారు. అలవాటు కొద్దీ అంతే తోశావు."

అక్క చేతులు తుడుచుకోవడం ఆపింది. "ఇల్లు కాలుతుంది" అంది.

"కాలింది."

మర్నాడు డైరెక్టరు ముందు అదే చెప్పింది. ఆయన్ని హాలులో పెద్దాయన అంటారు. ఎన్నడూ గొంతు పెంచడు. పెంచకుండానే మనుషుల్ని పాతేస్తాడు.

"ఆకాశంలోకి వెళ్ళిన చమురు నేను కట్టిన లెక్క ప్రకారమే వెళ్ళింది సార్. ఆ లెక్క నేను బావ ఇచ్చిన తడిగాలిలో కట్టాను. పైన ఉన్నది పొడిగాలి. తప్పుంటే ఆయనదీ నాదీ. మా ఆయనది కాదు."

బావ బల్ల మీద చరిచాడు. కట్టు కట్టిన చేత్తోనే చరిచి, నొప్పికి పళ్ళు కొరికాడు. హీటరు దగ్గర కాలీ కాలీ అతని కనుబొమలు ఎప్పుడో మొలవడం మానేశాయి. కోపమొస్తే ఆ బోడి నుదురంతా ఎర్రబడుతుంది. "నా గాలికి వంక పెడుతున్నావా? ఆక్సిజన్ ఎంతుండాలో అంతుంది. రోజూ కొలుస్తాను. నీ ఇంజిన్ నా గాలి పీల్చే ఇంతదైంది!"

"నేననేదీ అదే బావా. పుట్టినప్పట్నుంచీ నీ గాలే పీల్చింది. అసలు గాలి మొహం ఎప్పుడూ చూళ్ళేదు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు ఇక్కడ పోసిందే అక్కడా పోశాం."

"వాడు నోరు మూసుక్కూర్చున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"మూయించింది నువ్వే బావా, తీగలు పెట్టి కట్టించి మరీ."

ఎవరో నవ్వబోయి దగ్గులోకి దింపారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "రుజువు చెయ్యగలవా?" అన్నాడు.

చెయ్యగలదు. హాలు వెనక పాత గుండ్ల హీటరు ఉంది. పెద్ద ఇనప పొట్ట నిండా పింగాణీ గుండ్లు. వాటిని రోజంతా కాల్చి, మంట ఆర్పి, పొగంతా పోనిచ్చి, అప్పుడు వాటి సందుల్లోంచి గాలి ఊదితే గాలి వేడెక్కి వస్తుంది. ఆవిరి కలవదు. ఒక్క పరీక్షకి ఒక రోజంతా కాయాలి కాబట్టి దాని మీద అందరికీ విసుగు. బావ హీటరు మీట నొక్కగానే మండుతుంది. అందుకే పాతది మూలపడింది, బావ పైకొచ్చాడు. రెండో ఇంజిన్ స్టాండు మీద సిద్ధంగానే ఉంది. దానికి పాత హీటరు గాలి పెట్టి, చమురు మాత్రం చుక్క తగ్గించకుండా అంతే పోయాలి. తగ్గిస్తే ఇంజిన్ బుద్ధిగా మండుతుంది, గాలిలో తేడా లేదు పొమ్మంటారు. హాలు గోడ మీద ఎర్ర రంగుతో "ఒకసారికి ఒక్కటే మార్చు" అని రాసి ఉంది. రాయించిందీ బావే.

"చేద్దాం" అన్నాడు పెద్దాయన. "కానీ అనుమానం వాల్వు మీద. దాని కదలిక చూపించే మీటర్లు కూడా మీ ఆయన బిగించినవే. కాబట్టి వాల్వు మీద మనిషి కన్నుండాలి. అవసరమైతే చేత్తో మూసే చక్రం మీద మనిషి చెయ్యుండాలి."

"కెమెరా పెడదాం సార్."

"కెమెరా చక్రం తిప్పుతుందా అమ్మా?"

"నేనుంటాను" అన్నాడు తమ్ముడు, తీగల సందుల్లోంచి. అన్న అతనికేసి చూశాడు. "ఉండనీండి. అంత నమ్మకముంటే వాల్వు పక్కనే నిలబడమనండి. నేను వెనక కిటికీలోంచి చూస్తా. కన్ను నాది, చెయ్యి వాడిది."

వాల్వు గది ఇంజిన్ స్టాండుకి ఆనుకునే ఉంటుంది. మధ్యలో ఒక్క రేకు గోడ. నిప్పుకోడికి అప్పుడు తెలిసొచ్చింది తనేం చేసిందో. ఇంజిన్ పేలితే మొగుడు నిర్దోషి, కానీ మొగుడు దాని పక్కనే ఉంటాడు. పేలకపోతే జైల్లో ఉంటాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ నుయ్యీ గొయ్యీ రెండూ తన చేత్తో తనే తవ్వింది.

ఇంట్లో గొడవైంది. బతిమాలింది, తిట్టింది, స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టింది. అతను ఆ సొట్ట గ్లాసులోనే పాలు పోసుకుని గొట్టంతో పీల్చుకున్నాడు.

"బయటుంటే భయపడ్డాడంటారు. భయపడినవాడే దొంగంటారు" అన్నాడు.

"పేలుతుందయ్యా! నీకెలా చెప్పను?"

"పేలితే నాకు మంచిదేగా" అని నవ్వబోయి, దవడ లాగి కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకున్నాడు. ఆమెకు అతన్ని వాటేసుకోవాలనీ అనిపించింది, ఇంకో దవడ కూడా విరగ్గొట్టాలనీ అనిపించింది.

పరీక్ష రోజు హాలంతా గుండ్ల వేడికి ఉడికిపోయింది. గుండ్లు ఎర్రబడి, ఎర్రదనం తెల్లదనమయ్యేదాకా కాల్చారు. ఇంక ఊదకపోతే చల్లారతాయి, చల్లారితే మళ్ళీ మొదటికి. పెద్దాయన కంట్రోల్ రూములో కూర్చున్నాడు, పక్కన కేసు చూస్తున్న అధికారి. నిప్పుకోడి వాళ్ళతో ఇప్పుడే వస్తానని చెప్పి మెట్లు దిగింది.

వాల్వు గదిలో తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి చక్రం మీద ఉంది.

"లేచి రా" అంది.

తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కసారి నా మాట విను. ఆ రేకు గోడ ఆగదు."

"వెళ్ళి నీ పని చూసుకో. నా పని నన్ను చూసుకోనీ."

గోడకి పైపు రెంచి వేలాడుతోంది, మోచెయ్యంత పొడవు. నిప్పుకోడి దాన్ని రెండు చేతులతో అందుకుంది. తర్వాత ఎందరడిగినా ఆమె ఒకటే చెప్పింది, ఆలోచించలేదని. అది అబద్ధం. మణికట్టు మీద కొట్టాలా, మోచేతి కిందా అని ఆలోచించింది. మణికట్టు సరిగ్గా అతకదని అక్క ఎప్పుడో చెప్పింది. మోచేతి కింద కొట్టింది. బొంగు చిట్లినట్టు చప్పుడైంది. అతను అరవబోయాడు. నోరు తెరుచుకోదుగా, ఆ అరుపు ముక్కులోంచీ గొంతులోంచీ మూలుగై వచ్చింది. చెయ్యి మధ్యలో ఇంకో కీలు మొలిచినట్టు వేలాడింది. స్టూలు మీంచి పడ్డవాణ్ణి చొక్కా కాలరు పట్టుకుని గడప దాటించింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. అన్న దవడ విరిచాడు, పెళ్ళాం చెయ్యి విరిచింది. వాళ్ళిద్దరికీ అతనంటే ప్రాణం.

కిటికీలోంచి అంతా చూసిన బావ పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. "పిచ్చి ముండా! చంపుతావా వాణ్ణి?" ఆమె నుదురు చిట్లింది. రెంచి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని అతని మోకాలికి విసిరింది. తగల్లేదు.

"నువ్వు చంపబోయావు. నేను చెయ్యి విరిచి ఆపాను" అంది, రక్తం కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకోకుండా.

తమ్ముణ్ణి స్ట్రెచర్ మీద పడేసి తీసుకెళ్ళారు. మైకులో పెద్దాయన గొంతు వినపడింది, ఎప్పటిలాగే మెత్తగా. చక్రం దగ్గర మనిషి లేకపోతే పరీక్ష లేదు, గుండ్లు చల్లారుతున్నాయి, రేపు అధికారి తన నివేదిక ఇచ్చేస్తాడు.

బావ స్టూలు నిలబెట్టాడు. దాని మీద కూర్చుని చక్రం మీద చెయ్యేశాడు. "నా గాలి కాకపోతే మానె. గాలంటే భయపడేవాణ్ణి కాదు నేను. కన్నూ నాదే, చెయ్యీ నాదే. పో."

"బావా, వద్దు. ఇది పేలుతుంది."

"పేలితే నీ మొగుడు నిర్దోషి. నువ్వు కోరుకునేదీ అదేగా?"

"అదే. నువ్విక్కడుండగా కాదు."

"లేకపోతే పరీక్ష లేదన్నాడుగా ఆయన." బావ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారమే ఉంది, భయం లేదు. ఇన్నేళ్ళు తన గాలిని నమ్మినవాడు ఇప్పుడు భయపడితే అంతా ఒప్పుకున్నట్టే. ఆ ఇంటి మగాళ్ళిద్దరూ ఒకే మట్టితో తయారయ్యారు. "పో నిప్పుకోడీ. నీ లెక్క తప్పని చూపించి రాత్రికి భోజనానికి మీ ఇంటికే వస్తా."

ఇతన్ని లాగడానికి ఆమె చెయ్యి లేవలేదు. రెంచి అందేంత దూరంలోనే పడి ఉంది. ఆమె దాన్ని చూసింది, అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

కంట్రోల్ రూములో ఆమె ముందు ఒక ఎర్ర మీట ఉంది. నొక్కితే తమ్ముడి వాల్వు మూసుకుని చమురు ఆగిపోతుంది. ఇంజిన్ పొడవునా ప్రెషరు చూపించే ముళ్ళు వరసగా ఉన్నాయి, తోక దగ్గర్నుంచి మూతి దాకా. తడిగాలిలో ఆ ప్రెషరు సగం దాకా వచ్చి ఆగిపోయేది. ఆకాశంలో ఆగలేదు, మూతి దాకా ఎగబాకింది. ఈసారీ అలాగే ఎగబాకితే కాగితం మీద ఈ ప్రెషరు గీతనీ ఆకాశంలో వచ్చిన గీతనీ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. ముందే మీట నొక్కితే సగం గీత మిగులుతుంది. సగం గీతని పెద్దాయన మెత్తగా చించి పారేస్తాడు.

గాలి ఊదారు. భవనం మొత్తం అదిరింది. చమురు వదిలారు. మంట అంటుకుంది.

ముల్లు సగం దాటింది. ఆమెకు తెలిసిపోయింది. వేలు మీట మీదే ఉంది. తర్వాతి ముల్లు లేచింది, దాని తర్వాతది లేచింది. లోపల బావ ఉన్నాడని తెలుసు, ఆ రేకు గోడ ఎంత మందమో తెలుసు. తన మొగుడి మీద పడిన గుద్దు కూడా ఆ క్షణాన గుర్తుంది. మూతి దగ్గర ముల్లు లేచేదాకా ఆమె ఊపిరి బిగపట్టి ఆగింది. లేచాక నొక్కింది.

చమురు అప్పటికప్పుడు ఆగింది. వాల్వు అంత బాగా పనిచేసింది. కానీ అప్పటికే ఇంజిన్ మూతి బిగుసుకుపోయింది. లోపలి గాలి వెనక్కి తన్ని మళ్ళీ ముందుకు దూకి, పెద్ద సమ్మెటతో బాదినట్టు ఇంజిన్‌ని బాదింది. పై రేకు చీలి లేచిపోయింది. స్టాండు ఒకవైపు ఒరిగింది. వాల్వు గదివైపు గోడ కాగితంలా లోపలికి ముడుచుకుపోయింది. కిటికీ అద్దం నడవంతా పొడి పొడిగా రాలింది. ఆ పొడి మీద నిప్పుకోడి చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

బావ చక్రాన్ని వదల్లేదు. చక్రం మీద ఉన్న కుడిచేతి వేళ్ళు బొటనవేలు తప్ప మిగతావి అక్కడే ఉండిపోయాయి, చెయ్యి మాత్రం బయటికొచ్చింది. చెవుల్లోంచి రక్తం కారుతోంది. ఆమె పెదాలు కదలడం చూసి వినపడటం లేదన్నట్టు తల ఊపాడు.

ఆస్పత్రిలో ఒకే వార్డులో పక్కపక్కనే పడుకోబెట్టారు అన్నదమ్ముల్ని. ఒకడు మాట్లాడలేడు, ఒకడు వినలేడు. కేసు అధికారి కాగితాలతో వచ్చి మంచం పక్కన నిలబడితే బావ ఆస్పత్రంతా వినపడేలా అరిచాడు. చెవులు పోయినవాడికి తన గొంతెంతో తెలీదు.

"వాల్వు కదల్లేదు! నేను చూశాను, నా కళ్ళతో చూశాను, పెట్టిన గుర్తు మీంచి వెంట్రుకవాసి కూడా జరగలేదు! మీట నొక్కగానే మూసుకుంది! గాలి! గాలే ఇదంతా! మా గాలి తప్పు!" తర్వాత పక్క మంచం వైపు తిరిగి, "ఒరేయ్ చిన్నోడా! నీ వాల్వు బంగారం రా!" అన్నాడు. చిన్నోడు పిండికట్టు వేసిన చెయ్యి కదపలేక, నోరు తెరవలేక కళ్ళతో ఏడ్చాడు. అధికారి ఆ మాటలన్నీ రాసుకుని సంతకం అడగబోయాడు, ఆ చేతికేసి చూసి మానుకున్నాడు.

అక్క చెల్లెలి రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. తలుపు మూసింది.

"మీట ఎప్పుడు నొక్కావు?"

"ప్రెషరు మూతి దాకా వచ్చాక."

"అంతకుముందు తెలీలేదా?"

"తెలిసింది." నిప్పుకోడి అబద్ధం చెప్పలేకపోయింది. "ముందే నొక్కితే రుజువయ్యేది కాదక్కా. ఒక్క ఊపిరి ఆగాను."

అక్క లాగి చెంప మీద కొట్టింది. నర్సు చెయ్యి, రోజూ మనుషుల్ని పొర్లించే చెయ్యి. నుదుటి మీద కుట్లు తెగి మళ్ళీ రక్తమొచ్చింది. నిప్పుకోడి కదల్లేదు. రెండోసారి కొట్టింది. అప్పుడూ కదల్లేదు. మూడోసారి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"లోపల చిన్నోడే ఉంటే ఎప్పుడు నొక్కేదానివే?" అంది అక్క.

నిప్పుకోడి మూసిన తలుపు వైపు చూసింది. దానికి జవాబు లోపల మంచం మీద పిండికట్టులో ఉంది. ఆ కట్టు వేసిందీ అక్కే.

లోపల బావ ఇంకా అరుస్తూనే ఉన్నాడు, తమ్ముడి వాల్వు ఎంత మంచిదో. అక్క దూది తీసి చెల్లెలి నుదుటి మీద గట్టిగా అదిమి, పట్టుకోమని చెప్పింది. తర్వాత చేతులు కడుక్కుని మొగుడి కట్టు మార్చడానికి లోపలికెళ్ళింది.